ఈసారి మీ ఆవిడ్ని కూడా తీసుకురండి

"ఈసారి వచ్చేటప్పుడు మీ ఆవిడ్ని కూడా తీసుకురండి." ఈ మాట నేను ఎన్ని వందల మందికి చెప్పుంటానో నాకే తెలీదు. ఆడవాళ్ళయితే "మీ ఆయన్ని". గొంతు తగ్గించి, రిపోర్టు బోర్లా పెట్టి, కౌంటరు వెనక నుంచి లేచి ఇవతలికి వచ్చి చెప్పాలి. అలా చెప్పాలని నాకెవరూ నేర్పలేదు, చూసి నేర్చుకున్నాను. ఒక్కసారి మాత్రం చెప్పకూడని మనిషికి చెప్పాను. దానివల్ల మంగళగిరిలో ఒక మొగుడూ పెళ్ళాల మధ్య పదహారు రోజులు ఏం జరిగిందో నాకు తెలిసినంతవరకూ రాస్తాను. వాళ్ళిద్దరూ ఆ తర్వాత సర్దుకున్నారో లేదో నాకు తెలీదు, అడిగే మొహమూ లేదు.

నేను ల్యాబ్ టెక్నీషియన్ని. ఉద్యోగంలో సగం కాలం హెచ్‌ఐవీ వాళ్ళకి మందులిచ్చే ప్రభుత్వ సెంటర్లో గడిచింది. అక్కడ నా పని ఒక్కటే, సీడీ ఫోర్ లెక్కపెట్టడం. రక్తంలో తెల్లకణాలు ఉంటాయి కదా, వాటిలో ఒక రకాన్ని హెల్పర్ టి కణాలంటారు. సీడీ ఫోర్ అనేది ఆ కణం ఒంటి మీద ఉండే గుర్తు. హెచ్‌ఐవీ ఆ గుర్తునే పట్టుకుని లోపలికి దూరుతుంది, కణాన్ని చంపుతుంది. అందుకని ఆ కణాలు ఎన్ని మిగిలాయో చూసి మనిషి పరిస్థితి ఏంటో చెప్పేవారు. రెండు వందల కంటే దిగితే కబురు పెట్టి పిలిపించాలి. పిలిపించాక మాట్లాడాల్సింది కౌన్సెలరు. ఆవిడ చుట్టాల్లో నెలకో పెళ్ళి జరిగేది. ఆవిడ సెలవు పెట్టినప్పుడల్లా ఆ మాట నేనే చెప్పేదాన్ని.

మా కోస్తా వాళ్ళకి సీడీ ఫోర్ అంటే ఇంకో అర్థం లేదు. బడి మొహం చూడని మనిషికి కూడా ఆ ముక్క తెలుసు. "సీడీ ఫోర్ పడిపోయిందంట" అని ఎవరైనా అన్నారంటే పక్కన కూర్చున్నవాళ్ళు కుర్చీ జరుపుకుంటారు. అసలు పేరు ఎవరూ పలకరు, "ఆ జబ్బు" అంటారు. మంచి మందులొచ్చాయి, రోజుకో మాత్ర వేసుకుని మనుషులు నిక్షేపంగా బతుకుతున్నారు, పిల్లల పెళ్ళిళ్ళు చేస్తున్నారు. కుర్చీ జరపడం మాత్రం మానలేదు మనవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. సెంటర్లో ఉన్నన్నాళ్ళూ "గ్లాసులతో రాదు, కంచాలతో రాదు, దుప్పట్లతో రాదు" అని రోజుకి ఎన్నిసార్లు చెప్పేదాన్నో. ఇంట్లో మా ఆయన మంచినీళ్ళడిగితే కూడా అదే గొంతుతో మాట్లాడుతున్నానని ఆయన గోల పెట్టేవారు.

అక్కడ మానేసి గవర్నర్‌పేటలో ఒక ప్రైవేటు ల్యాబ్‌లో చేరాను. కింద స్టీలు సామాన్ల హోల్‌సేలు కొట్టు, పైన మేము. రోజంతా పళ్ళేలు పడుతున్న చప్పుడు వింటూ పనిచేసుకోవాలి. అక్కడ ఫ్లో సైటోమీటర్ అని ఒక పెద్ద మిషను కొన్నారు. నా మీద ప్రేమకొద్దీ ఏం ఇవ్వలేదు, ఇంకెవరికీ రాదు కాబట్టి నాకు అప్పగించారు. రక్తంలో ఒక రంగు పదార్థం కలుపుతాం, అది వెళ్ళి సీడీ ఫోర్ గుర్తున్న కణాలకే అంటుకుంటుంది. మిషను కణాల్ని ఒక్కొక్కటిగా వరసలో లేజర్ లైటు ముందు నుంచి పంపిస్తుంది, మెరిసినవాటిని లెక్కేస్తుంది. తెర మీద చుక్కలు గుంపులు గుంపులుగా పడతాయి. నేను చూసి సంతకం పెడతాను.

ఆ ఏడాది వానలు తగ్గుముఖం పట్టేసరికి ఊరంతా దగ్గే. సిటీ బస్సెక్కితే ముందు సీటు నుంచి వెనక సీటు దాకా ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు అందుకునేవారు. ఆ రోజుల్లోనే ఒకాయన వచ్చారు. మంగళగిరి నుంచి నేత చీరలు తెచ్చి ఇక్కడి కొట్లకి వేస్తారు. నలభై దాటుంటాయి. మనిషి చిక్కి, చొక్కా భుజాల మీద నుంచి జారిపోతోంది. మాట మాటకీ దగ్గు. చేతిలో మా వీధి చివర ఛాతీ డాక్టరుగారి స్లిప్పు. దాని మీద టెస్టు పేరు తప్ప ఏ జబ్బో ఎందుకో ఏమీ లేదు. అడిగితే చెప్పేవారే. నేనే అడగలేదు. "ఎడం చెయ్యా, కుడి చెయ్యా?" అని మాత్రం అడిగాను.

మర్నాడు మిషను నూట ఎనభై నాలుగు చూపించింది. చిక్కిన మనిషి, ఆగని దగ్గు, రెండు వందల లోపు సీడీ ఫోర్. ఇంకేం కావాలి? సెంటర్లో ఇలాంటి వాళ్ళని వందల్లో చూశాను. నా బుర్రలో ఒక్క అనుమానం కూడా రాలేదు. ఇప్పుడు తల్చుకుంటే ఆశ్చర్యంగా ఉంటుంది, ఎందుకంటే కరోనా రోజుల్లో తెల్లకణాలు పడిపోయిన రిపోర్టులు బోలెడు నా చేతుల మీదుగానే వెళ్ళాయి. తెలియక చేసిన తప్పయితే ఇంత బాధ ఉండేది కాదేమో.

ఆయన రిపోర్టు కోసం వచ్చి కౌంటరు దగ్గర నిలబడ్డారు.

"కూర్చోండి," అన్నాను.

"పర్లేదండీ, బస్సుకి టైమవుతోంది."

"ఒక్క నిమిషం కూర్చోండి." రిపోర్టు బోర్లా పెట్టి, లేచి ఇవతలికి వచ్చాను. "కంగారు పడకండి. ఇప్పుడు అన్నిటికీ మందులున్నాయి."

అప్పటిదాకా ఆయన కంగారేమీ పడలేదు. ఆ మాటతో పడ్డారు. "ఏమైందండీ?"

"డాక్టరుగారు చెబుతారు. మీ సీడీ ఫోర్ తగ్గింది. ఈసారి వచ్చేటప్పుడు మీ ఆవిడ్ని కూడా తీసుకురండి."

"ఆవిడెందుకండీ?"

"ఆవిడకి కూడా ఒకసారి టెస్టు చేయిస్తే మంచిది. ఎవరికీ చెప్పక్కర్లేదు, మా దగ్గర బయటికి పోదు."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ మాట వినగానే చాలామంది మగవాళ్ళు ఏదో ఒకటి మొదలెడతారు. మంగలి షాపులో కత్తి అంటారు, ఊళ్ళో ఆర్‌ఎంపీ సూది అంటారు, లారీ మీద తిరిగిన రోజుల్లో అని సగంలో ఆపేస్తారు. ఈయన భుజాలు తడుముకోలేదు. రిపోర్టు తిప్పి అంకె చూసుకుని, ఏదో పాత సంగతి గుర్తు తెచ్చుకుంటున్నట్టు గోడకేసి చూస్తూ ఉండిపోయారు. తర్వాత "థాంక్సండీ" అని మెట్లు దిగి వెళ్ళిపోయారు. నాకు థాంక్సు చెప్పారు చూడండి. నేను కూడా చెయ్యాల్సిన పని చక్కగా చేశాననుకుని చేతులు కడుక్కుని క్యారియర్ విప్పుకున్నాను.

తర్వాత పదహారు రోజులూ నేను చేసిన ఘనకార్యాలు చెప్పాలంటే, మిషను సర్వీసుకొచ్చిన ఇంజనీరుతో పోట్లాడాను, ఒక రోజు సెలవు పెట్టి గన్నవరం దగ్గర మా ఆడపడుచు వాళ్ళ గృహప్రవేశానికి వెళ్ళి పులిహోర తిన్నాను, వచ్చాక రెండు రోజులు నాకూ గొంతునొప్పి. ఆ చీరలాయన ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు. వచ్చినవాళ్ళందర్నీ గుర్తు పెట్టుకుంటే ఈ ఉద్యోగం చెయ్యలేం లెండి.

పదిహేడో రోజు పొద్దున ఛాతీ డాక్టరుగారు ఫోన్ చేశారు. కుర్రాయన, నెమ్మదస్తుడు.

"మేడం, చీరల వ్యాపారం చేసే ఆయనకి కౌంటు రాసి పంపాను. రిపోర్టూ రాలేదు, ఆయనా రాలేదు. చెయ్యలేదా?"

"ఎప్పుడో చేశామండీ. నూట ఎనభై నాలుగు. రిపోర్టు ఆయనకే ఇచ్చాను, మీకు చూపించమన్నాను. కౌన్సెలింగ్ కూడా చేశాను." ఆ చివరి ముక్క కొంచెం గొప్పగానే చెప్పాను.

"కౌన్సెలింగ్ దేనికండీ?"

చెప్పాను. భార్యని తీసుకురమ్మన్నానని కూడా చెప్పాను.

"మేడం," అన్నారాయన, "ఆయనకి హెచ్‌ఐవీ లేదు. ఆసుపత్రిలో చేరిన రోజే టెస్టు చేశారు, నెగటివ్. ఫైల్లో ఉంది. ఆయనకి వచ్చింది ఫ్లూ. ఊపిరితిత్తులకి దిగి వారం రోజులు ఆక్సిజన్ మీద ఉన్నారు. కౌంటు ఎంత పడిందో చూసి, తగ్గాక మళ్ళీ చేయిద్దామని పంపాను. అంతే."

నెగటివ్ వచ్చిన సంగతి పేషెంటుకి పిలిచి చెప్పేవాళ్ళెవరుంటారు? ఆయన చేరిన రోజు ఊపిరాడని స్థితిలో ఏ కాగితం మీద సంతకం పెట్టారో ఆయనకే తెలిసుండదు.

"కానీ కౌంటు మరీ నూట ఎనభై..." అని నసిగాను.

"పడదా మేడం? అవన్నీ ఊపిరితిత్తుల్లో పనిలో ఉంటే చేతి రక్తంలో మీకెక్కడ దొరుకుతాయి?" అన్నారు. కోప్పడలేదు. కోప్పడి ఉంటే కొంచెం నయంగా ఉండేది, తిరిగి ఏదో ఒకటి అనేదాన్ని.

ఫోన్ పెట్టేశాక ముందు ఆ చీరలాయనకి ఫోన్ చేశాను. మోగింది, కట్ చేశారు. మళ్ళీ చేశాను, మళ్ళీ కట్ చేశారు. ల్యాబ్ పేరు చూసి ఎత్తడం లేదని అర్థమైంది. ఆయన ఎత్తేదాకా అరగంటకోసారి చేద్దామని కూర్చున్నాను. ఊరికే కూర్చోలేక అల్మరా అడుగున ఉన్న నా పాత డిప్లొమా పుస్తకం తీశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే.

అందులో ఉన్నది నేనొకప్పుడు పరీక్షలో రాసి పాసైన సంగతే. ఫ్లూ వైరస్ ముక్కు నుంచీ గొంతు నుంచీ దిగి గాలిగొట్టాల లోపలి పొరలో కణాల్లోకి దూరుతుంది. అక్కడ కాపలా తిరిగే కణాలు కొన్ని ఉంటాయి, డెండ్రిటిక్ కణాలంటారు. అవి వైరస్ ముక్కని పట్టుకుని దగ్గర్లో ఉన్న లింఫు గ్రంథికి పోయి దాన్ని పైకి చూపించుకుంటూ ఉంటాయి. హెల్పర్ టి కణాలు ఒక్కొక్కటీ వచ్చి తడిమి చూసుకుని పోతాయి. ఒక్కో దానికి ఒక్కో ఆకారమే తెలుసు. లక్షల్లో ఏ ఒకటో రెండో కణాలకి మాత్రం ఆ ముక్క సరిగ్గా సరిపోతుంది. సరిపోయిన కణం అక్కడ ఆగిపోతుంది. ఆగి, వెంటనే యుద్ధానికి పోదు. తనలాంటివి ఇంకో రెండు, నాలుగు, ఎనిమిది అవుతూ పోతుంది. దానికి రోజులు పడతాయి. ఆ రోజుల్లోనే మనిషి మంచానికి అతుక్కుపోతాడు.

తర్వాత అవి పనులు పంచుకుంటాయి. కొన్ని గ్రంథిలోనే ఉండి బి కణాల వెనక నిలబడతాయి, వాటి సాయం ఉంటేనే మంచి యాంటీబాడీలు తయారవుతాయి. కొన్ని కిల్లర్ టి కణాలకి బలమిస్తాయి. వైరస్ పట్టిన కణాల్ని చంపేది ఎక్కువగా ఆ కిల్లర్లే, హెల్పర్లు కావు. ఇంకొన్ని రక్తంలో పడి ఊపిరితిత్తులకి చేరుకుని, అక్కడ రసాయనాలు వదిలి చుట్టుపక్కల కణాలన్నిట్నీ లేపుతాయి. ఈ హడావుడిలో రక్తంలో తిరిగే కణాలు చాలా భాగం గ్రంథుల్లోకీ ఊపిరితిత్తుల్లోకీ వెళ్ళిపోతాయి, కొన్ని చచ్చిపోతాయి కూడా. జబ్బు ఎంత గట్టిగా ఉంటే చేతి రక్తంలో లెక్క అంత పడిపోతుంది. మనిషి కోలుకున్నాక వారాల్లో మళ్ళీ పెరుగుతుంది.

ఇన్నేళ్ళు లెక్కపెట్టాను గానీ, లెక్కకి రానివి ఎక్కడికి పోయాయని ఒక్కసారైనా అడగలేదు. మా సెంటర్లో లేనివంటే చచ్చినవే. అక్కడ అది నిజం కూడా. ఆ నిజాన్ని మూటగట్టుకుని గవర్నర్‌పేటకి తెచ్చుకున్నాను. మిషను లెక్క తప్పలేదు. అది చెప్పిన నూట ఎనభై నాలుగూ ఖాయం. దాని పక్కన నేను చేర్చిన మాటే తప్పు.

నాలుగోసారికి ఆయన ఫోనెత్తారు. "ఇంట్లో ఉన్నానండీ, తర్వాత..." అంటుండగానే అడ్డుపడ్డాను. "ఆ జబ్బు లేదండీ మీకు. నాదే పొరపాటు. ఒక్కసారి రండి."

ఆయన వెంటనే ఫోన్ పెట్టేశారు. రెండు గంటల్లో మా మెట్లెక్కారు. పదహారు రోజుల కిందటి కంటే ఒంట్లో తేరుకున్నారు, దగ్గు పోయింది. మొహం మాత్రం పీక్కుపోయి ఉంది. డాక్టరుగారు ఫోన్లో పంపిన నెగటివ్ రిపోర్టు చూపించాను. తేదీ చూపించాను. తప్పు నాదేనని, క్షమించమని అడిగాను. నేను అంత తేలిగ్గా క్షమాపణ అడిగే రకాన్ని కాను, మా ఇంట్లో ఎవర్నడిగినా చెబుతారు. ఆ రోజు కుర్చీలో కూర్చుని అడగలేకపోయాను, లేచి నిలబడి అడిగాను.

ఆయన ఆ రిపోర్టు రెండుసార్లు చదివారు. "అయితే మా ఇంట్లో ఎవరికీ లేనట్టేనా అండీ?" అన్నారు.

"మీకే లేనప్పుడు ఇంకెవరికి ఉంటుందండీ?"

ఆయన కళ్ళ నీళ్ళు పెట్టుకున్నారు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు.

"మీ ఆవిడకి చెప్పారా?" అని అడిగాను.

"లేదండీ. ఒక్క ముక్క కూడా అనలేదు."

ఎంత మంచివాడు అనుకున్నాను. పెళ్ళాన్ని బాధపెట్టకూడదని అంత భారం తనలోనే దాచుకున్నాడు పాపం అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, నాకు కొంచెం ఊపిరి కూడా ఆడింది. సంగతి ఆయన దాటి బయటికి పోలేదంటే నా మాట వల్ల ఒక మనిషే బాధపడ్డాడు, ఇల్లు పాడవలేదు. ఎలాగూ వచ్చారు కదా అని కౌంటుకి మళ్ళీ రక్తం తీసుకున్నాను. రేపు రిపోర్టు తీసుకెళ్ళమన్నాను. ఆయన వెళ్ళేటప్పుడు నా చేతులు పట్టుకున్నంత పని చేశారు.

మర్నాడు ఆయన రాలేదు. ఆయన రసీదు పట్టుకుని ఒకావిడ వచ్చింది. ముప్పై అయిదు దాటి ఉంటుంది, సాదా నేత చీర, చేతిలో గుడ్డ సంచి. చీరలకి ఫాల్స్ కుడుతుందని తర్వాత మాటల్లో తెలిసింది. కౌంటరు దగ్గర నిలబడి నన్నే చూస్తూ అడిగింది.

"ఆ మాట చెప్పింది మీరేనా అండీ?"

"నేనేనమ్మా," అన్నాను. "మీవారు చెప్పారా?"

"రాత్రి చెప్పారండీ. అంతా చెప్పేశారు. నవ్వుతూనే చెప్పారు. ల్యాబ్‌లో పొరపాటు పడ్డారంట, ఏం లేదంట అన్నారు."

లోపల గదిలోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టాను. తిడుతుందనుకున్నాను, సిద్ధపడే ఉన్నాను. ఆవిడ తిట్టలేదు. ఏం జరిగిందో మొదటి నుంచీ చెప్పమంది. చెప్పాను. హెల్పర్ టి కణాలు అనగానే ఆపింది.

"హెల్పర్లంటే చేతికింద పనివాళ్ళే కదండీ? వాళ్ళు తక్కువైతే అంత ఇదా?"

"పేరుకి హెల్పరమ్మా, చేసేది మేస్త్రీ పని. ఎవరు ఎక్కడికి పోవాలో, ఎవరు ఏం తయారుచెయ్యాలో అవే పురమాయిస్తాయి."

"మరి అవెందుకు తగ్గాయండీ ఆయనకి?"

ఎలా చెప్పాలా అని ఆలోచించాను. "మీ పుట్టిల్లు ఎక్కడ?"

"తెనాలి పక్కనండీ. వ్యవసాయమే."

"అయితే మీకు చెప్పడం తేలిక. ఊడ్పుల రోజుల్లో మిట్టమధ్యాహ్నం మీ ఊరి వీధిలో నిలబడి మనుషుల్ని లెక్కపెడితే ఎంతమంది ఉంటారు?"

"ఎవరుంటారండీ, ముసలాళ్ళు నలుగురు. అందరూ చేలోనే."

"అదేనమ్మా. నేను వీధిలో లెక్కపెట్టి ఊరు ఖాళీ అయిపోయిందన్నాను. అందరూ ఆయన ఊపిరితిత్తుల్లో పనిలో ఉన్నారు."

ఆవిడ తలూపింది. ఇంత తెలివిగా వినే మనిషికి నేను నా జన్మలో ఏదీ చెప్పలేదు. "ఈ సంగతి మీకు ముందు తెలీదా అండీ?" అంది.

"తెలుసు. గుర్తు రాలేదు."

సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ దాన్ని పొడిగించలేదు. కొత్త రిపోర్టు తీసి చూపించాను. ఆరు వందల ముప్పై. తిరిగి వచ్చేశాయని చెప్పాను. కొన్ని ఊపిరితిత్తుల్లోనే ఉండిపోతాయి, మళ్ళీ అదే వైరస్ వస్తే తొందరగా గుర్తుపడతాయి, ఈసారి అంత ఇబ్బంది పెట్టకపోవచ్చు అని కూడా చెప్పాను. డాక్టరుగారికి ఒకసారి చూపించమన్నాను. నా పని అయిపోయిందనుకున్నాను. మాట్లాడుతున్నకొద్దీ తేలికపడింది కూడా. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు గానీ, ఇంత వివరంగా చెప్పుకుంటే తీసుకోగలమేమో అనిపించింది.

ఆవిడ రిపోర్టు అందుకుంది గానీ లేవలేదు.

"ఒకటి అడగనా అండీ?"

"అడగండమ్మా."

"ఆయన అలాంటి తిరుగుళ్ళు తిరిగే మనిషి కాదండీ. నాకు తెలుసు. ఆయన సంగతి ఆయనకీ తెలుసు."

"అవునమ్మా. అందుకే పాపం అంత కుమిలిపోయారు."

"మరి మీరు చెప్పాక, అది తనకి ఎక్కడి నుంచి వచ్చిందనుకున్నారండీ ఆయన?"

నిన్న ఆయన "మా ఇంట్లో ఎవరికీ లేనట్టేనా" అని ఎందుకు అడిగారో నాకప్పుడు తెలిసింది. తెలిసిన క్షణంలోనే నోటికొచ్చింది మొదలెట్టాను. "అలా ఆలోచించకండమ్మా. మగవాళ్ళు భయపడితే ఇంకేం తోచదు వాళ్ళకి. మీకు అంటకూడదని ఆయన బాధ. అందుకే దూరంగా ఉండుంటారు."

"దూరంగానే ఉన్నారండీ. వసారాలో పడుకున్నారు. పాపని వాళ్ళ నాయనమ్మ దగ్గరికి పంపించేశారు. గ్లాసు కూడా వేరు పెట్టారు."

"గ్లాసుతో అంటదమ్మా అది," అన్నాను. ఇన్నేళ్ళ అలవాటు, ముందు అదే వచ్చింది. "ఆయనకి తెలీక పెట్టుకున్నారు. మీ మంచి కోసమే కదా, తన గ్లాసు..."

"ఆయనది కాదండీ," అంది ఆవిడ. "నాది."